తొక్కలు తీసేవాడి కంచం

గోడకున్న కిటికీలోంచి ఎంగిలి కంచాలు దడదడా జారి తొట్టిలో పడుతున్నాయి. కంచాలక్క వాటిని ఒక్కొక్కటే ఎడంచేత్తో ఎత్తి, మిగిలినదాన్ని బొటనవేలితో డబ్బాలోకి తోసి, పీచుతో గిర్రున ఒక తిప్పు తిప్పి పక్క తొట్టిలోకి వదిలేస్తోంది. ఆ తొట్టి దగ్గర కూర్చున్న పిన్ని వాటిని తొలిచి, వెనక్కి తిప్పి చూసి, ఏ హోటల్ గంపలో వేయాల్సింది ఆ గంపలో బోర్లిస్తోంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరికీ ఊపిరి తీసుకునే తీరికుండదు. పైన రేకులు, కింద గచ్చు, మధ్యలో స్టీలు చప్పుడు. మాట్లాడుకోవాలంటే అరుచుకోవాలి. అరిచి చెప్పుకునేంత గొప్ప కబుర్లు ఇద్దరి దగ్గరా లేవు.

నగరం బస్సు అక్కడిదాకా వచ్చి, ఇక ముందుకు రోడ్డు లేక వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగే చోటే ఈ హోటళ్ళ వరస. చుట్టూ కడుతున్న మేడలు, గోడౌన్లు, టైర్ల కొట్లు, ఇసుక కుప్పలు. ఇళ్ళు కట్టేవాళ్ళే తప్ప ఇళ్ళున్నవాళ్ళు తక్కువ కాబట్టి ఆ పేటలో మూడొంతుల జనానికి మూడు పూటలా బయటి తిండే గతి. వరస మొత్తానికీ నీళ్ళు పడ్డ బోరు ఒక్కటే ఉంది. అందుకని హోటళ్ళవాళ్ళు నలుగురూ కలిసి ఆ బోరు పక్కన రేకుల పాక వేయించి, అందరి కంచాలూ అక్కడే కడిగించుకుంటున్నారు. ఎవరి కంచం ఎవరిదో కలిసిపోకుండా అడుగున రంగు చుక్క పెట్టించారు. అద్దాల హోటల్‌ది ఎరుపు, అన్నదమ్ముల హోటల్‌ది ఆకుపచ్చ, చేపల హోటల్‌ది నీలం. మెట్ల కింద హోటలాయన రంగు డబ్బా కొనడానికి కూడా బద్ధకించాడు. చుక్క లేకపోవడమే ఆయన కంచాల గుర్తు.

ఎవరు ఎలా వండుతున్నారో వండేవాళ్ళకంటే ముందు కంచాలక్కకే తెలిసిపోతుంది. తిరిగొచ్చిన కంచం అబద్ధం చెప్పదని ఆమె నమ్మకం. పొద్దున పనికి వస్తున్నప్పుడు బస్సు దిగిన కొత్త మొహాలెవరైనా, ఈమె చేతిలోని పీచు కట్ట చూసి, ఇక్కడ తినడానికి ఏది బాగుంటుందమ్మా అని అడిగితే ఆమె నిలబడి మరీ చెబుతుంది.

"అద్దాల హోటల్ కూర్చోడానికి బాగుంటుంది. చల్లగాలి వస్తుంది, పాటలు పెడతారు. ఎవరితోనైనా మాట్లాడే పనుంటే వెళ్ళు. ఆకలేస్తే మాత్రం వెళ్ళకు."

"మరి ఆకలేస్తే?"

"అన్నదమ్ముల హోటల్‌కి పో. పోయేముందు గల్లా దగ్గర ఎవరు కూర్చున్నారో చూసుకో. తమ్ముడు కూర్చుంటే అన్న వండుతున్నట్టు, నిశ్చింతగా తిను. అన్న కూర్చుని ఉన్నాడంటే తమ్ముడి చేతిలో గరిటె ఉన్నట్టు. ఆ పూట నాకు కంచాలకంటే నీళ్ళ గ్లాసులే ఎక్కువొస్తాయి."

"చేపల హోటల్?"

"మధ్యాహ్నం లోపల అయితే బంగారం. ఆ తర్వాత ఆ చేప నిన్ను చూసి సిగ్గుపడుతుంది."

ఇంత చెప్పే మనిషి మెట్ల కింద హోటల్ ఊసు మాత్రం ఎవరి దగ్గరా ఎత్తదు. నిజానికి వరసలో అన్నం వేడిగా దొరికేది అక్కడే. ఒక మేడ మెట్ల కింద ఇరికించిన గది, నాలుగంటే నాలుగు బల్లలు, రోజూ టమాటా కూర, అడిగినంత అన్నం. అక్కడి కంచాలు తుడిచినట్టు తిరిగొస్తాయి. అయినా ఎవరైనా అటు వేలు చూపిస్తే, "అక్కడ చోటుండదులే బాబూ" అని మాట మార్చేస్తుంది. దారినపోయేవాళ్ళందరూ వచ్చి ఆ నాలుగు బల్లల మీదా కూర్చుంటే తన తమ్ముడు ఎండలో నిలబడాలి. నిలబడి నిలబడి విసుగొస్తే తినకుండానే వెళ్ళిపోతాడు. వాడికి ఓపిక తక్కువ.

తమ్ముడు అక్కడ తింటున్నాడనే ఆమె ఈ పనిలో చేరింది. అంతకుముందు ఒక బట్టల దుకాణంలో నీడపట్టున చేసుకునే పని. అది వదిలేసి ఈ తడి పాకలోకి వస్తానంటే మెట్ల కింద హోటలాయన ఆమెను ఎగాదిగా చూశాడు. పిన్ని అయితే మొదటి రోజే, "నీకేమైనా పిచ్చా" అని అడిగేసింది.

అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయేనాటికి తమ్ముడికి చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోవడం కూడా రాదు. అప్పటినుంచి వాడికి అమ్మ, నాన్న, అక్క అన్నీ ఈమే. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా వీడు ఒక దారిన పడనీ అనేది. వాడు దారిన పడేలోపు ఆమె పెళ్ళి మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. చిన్నప్పుడొకసారి వాడు అన్నం తింటూ తింటూ కళ్ళు తేలేసి పడిపోయాడు. మూర్ఛ. డాక్టరు మందులు రాసి, వేళకు తిండి, వేళకు నిద్ర తప్పకూడదనీ, కడుపు ఖాళీగా ఉంచొద్దనీ చెప్పాడు. ఆ రోజు వాడి గొంతులో వేలు పెట్టి ఆమె బయటికి లాగింది ఒక టమాటా తొక్క. డాక్టరు ఎంత చెప్పినా సరే, ఆ తొక్కే ప్రాణం తీయబోయిందని ఆమె మనసులో పడిపోయింది. తర్వాత ఇంట్లో తొక్క తీయకుండా టమాటా వండింది లేదు. బయట తినాల్సి వస్తే ఎలా తినాలో కూడా నేర్పింది. వాడు కూరలోంచి ఒక్కో తొక్కనూ ఏరి, వేళ్ళ మధ్య సన్నటి గొట్టంలా చుట్టి, కంచం అంచుకు వరసగా అంటించేవాడు. పెద్దవాడై మీసాలొచ్చినా ఆ అలవాటు పోలేదు.

పెద్దయ్యాక ఎత్తైన మేడలకు బయటివైపు రంగులు వేసే పనిలో కుదిరాడు. తానే ముడివేసుకున్న తాళ్ళకు వేలాడే చెక్క మీద కూర్చుని రోజంతా గాల్లోనే రంగులు వేసేవాడు. చాలా ఏళ్ళు ఏ బెడదా లేదు. ఒకనాటి సాయంత్రం ఇంట్లో మంచినీళ్ళు తాగుతూ గ్లాసుతో సహా పడిపోయాడు. తెల్లారి లేచి, ఏమీ జరగనట్టు మళ్ళీ పనికి బయలుదేరాడు. ఆమె బతిమాలింది, ఏడ్చింది, గడపకు అడ్డం నిలబడింది. వినలేదు. వాడి వెనకే వెళ్ళి సూపర్‌వైజరుకు ఉన్న సంగతి చెప్పేసింది. మరేం చేయమంటారు? కళ్ళముందు పడిపోయినవాణ్ణి గాల్లో వేలాడదీసి ఇంట్లో కూర్చునే అక్క ఎక్కడైనా ఉంటుందా? సూపర్‌వైజరు ఆ రోజే వాణ్ణి కిందికి దించి, సిమెంటు బస్తాల దగ్గర కాపలా పెట్టాడు.

"నలుగురిలో నన్ను రోగిష్టివాణ్ణి చేశావ్. నీ చేతి అన్నం ఇక తినను," అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మెట్ల కింద హోటల్లో తింటున్నాడని ఎవరో చెబితే వెళ్ళి రోడ్డుకు అవతల నిలబడింది. వాడు చూశాడు. చేయి కూడా కడుక్కోకుండా బయటికొచ్చి, "ఇక్కడికీ వచ్చావా? ఇంకోసారి నా కంటపడితే ఈ పేటే వదిలేసి పోతా. అప్పుడు వెతుక్కో," అన్నాడు. వాడన్నంత పనీ చేసే రకం. అందుకే ఆమె మళ్ళీ హోటల్ ముందుకు రాలేదు. వాడి గది ఎక్కడో కనుక్కోవచ్చు. కనుక్కుంటే కాళ్ళు ఆగవని కనుక్కోలేదు. హోటల్ వెనకపక్కనున్న ఈ పాకలోకి వచ్చి పనిలో చేరింది. పాకలోంచి హోటల్ లోపలికి చూడ్డానికి వీల్లేదు. గోడకు కంచాలు పట్టేంత కిటికీ మాత్రం ఉంది. కడిగే ఆడవాళ్ళు తడి బట్టలతో ముందుకు రాకూడదని హోటలాయన కట్టుబాటు కూడా ఆమెకు కలిసొచ్చింది. చేరిన రోజు మధ్యాహ్నం, చుట్టిన టమాటా తొక్కలు అంచున అంటించి ఉన్న కంచం చేతికొచ్చినప్పుడు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నా చేతి అన్నం తినకపోతే పోనీ, నేను కడిగిన కంచంలోనే తింటున్నాడు కదా అనుకుంది.

అప్పటినుంచి వాడి మంచిచెడ్డలన్నీ ఆమెకు ఆ కంచంలోనే. అన్నం సగం వదిలేస్తే ఒంట్లో బాగాలేదు. కూర వదిలేస్తే ఎవరితోనో పోట్లాడి ఉంటాడు. తొక్కలు మరీ సన్నగా చుట్టి ఉంటే ఏదో ఆలోచనలో పడ్డాడు. ఎండాకాలమంతా కంచం సగం నిండుగానే తిరిగొచ్చింది, ఆమె ఇంటికెళ్ళి తానూ సగమే తినేది. వానలు మొదలయ్యాక ఉన్నట్టుండి కొన్నాళ్ళు ఆ కంచమే రాలేదు. ఆ కొన్నాళ్ళూ ఆమె మనిషి కాదు. వచ్చిన ప్రతి కంచాన్నీ అటూ ఇటూ తిప్పి చూసేది, డబ్బాలో చేయి పెట్టి వెతికేది. నన్ను ఎక్కడో చూసి ఉంటాడు, అన్నట్టే పేట వదిలేసి పోయాడు అని కుమిలిపోయింది. తర్వాత ఒక మధ్యాహ్నం మళ్ళీ తొక్కలున్న కంచం వచ్చింది. పిన్ని చూస్తుండగానే ఆ కంచాన్ని ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చేసింది.

ఆ తర్వాత కంచాలు బాగుండటం మొదలుపెట్టాయి. అన్నం మెతుకు మిగలడం లేదు. రెండోసారి వడ్డించుకున్న జాడ కూడా కనపడుతోంది. తొక్కలు మాత్రం చుట్టడం మానేసి ఒకచోట కుప్పగా పెడుతున్నాడు. పని తొందర ఉండి ఉంటుంది, మంచిదే అనుకుంది. చల్లబడ్డాక ఆకలి పుట్టిందనీ, మనసు కుదుటపడిందనీ, ఇక కోపం తగ్గడమే తరువాయి అనీ పిన్నికి చెప్పి మురిసిపోయింది. జ్వరం పడి లేచి ఉంటాడు, బలం పట్టాలి అని, మెట్ల కింద హోటల్లో వడ్డించే పెద్దాయనను కిటికీలోంచి పిలిచి ఒక మాట అడిగింది.

"బాబాయ్, టమాటా తొక్కలు తీసి పెట్టేవాడు ఒకడుంటాడు. నా పూట తిండిలో ఇచ్చే గుడ్డు నాకొద్దు. రోజూ వాడికి పెట్టు. ఎవరిచ్చారో చెప్పకు."

"ఎవరమ్మా వాడు నీకు?"

"అది అడక్కు బాబాయ్."

పెద్దాయన మళ్ళీ అడగలేదు. గుడ్డు రోజూ వాడికి వెళుతోంది. గుడ్డు ముక్క కూడా ఏనాడూ కంచంలో మిగిలి రాలేదు.

ఇవాళ కూడా ఆమె చేతులు కంచాలు తోముతున్నా చెవులు కిటికీ మీదే ఉన్నాయి. బస్సుల డ్రైవర్లు తిని లేచారు. కూలీల మొదటి వరస లేచింది. ఎర్ర చుక్కలు, పచ్చ చుక్కలు, మళ్ళీ ఎర్ర చుక్కలు. అద్దాల హోటల్‌వాళ్ళు ఇవాళ ఏదో కొత్త కూర చేసినట్టున్నారు, ముట్టినవాళ్ళు లేరు. అప్పుడు కిటికీలోంచి ఒక కంచం, మిగతావాటిలా జారకుండా, నిండుగా బరువుగా వచ్చి ఆగింది. అడుగున చుక్క లేదు. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. గుడ్డు మీద గాటు కూడా పడలేదు. అంచున మాత్రం నాలుగైదు టమాటా తొక్కలు కుప్పగా ఉన్నాయి.

తినడానికి కూర్చున్నాడు, తొక్కలు తీశాడు, తినలేకపోయాడు. చిన్నప్పుడు ఆ తర్వాత మూర్ఛ వచ్చిన రోజుల్లో కూడా ముందు ఇలాగే కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా చూస్తుండేవాడు. కడుపు ఖాళీ. ఇప్పుడు లేచి ఎండలోకి నడుస్తాడు. రోడ్డు మీద లారీలు. పట్టుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు.

"పిన్నీ, చూస్తుండు," అంది. దేన్ని చూస్తుండాలో పిన్నికి అర్థమయ్యేలోపే పాక దాటేసింది.

వంటగదిలోంచి అడ్డంగా పడి, పొయ్యిల దగ్గరివాళ్ళు ఏయ్ ఏయ్ అంటున్నా ఆగకుండా, తడి కాళ్ళతో బల్లల మధ్యకు వచ్చింది. చూస్తే చూశాడు, తిడితే తిట్టాడు, పేట వదిలి పోతానంటే కాళ్ళు పట్టుకోవచ్చు. ముందు మనిషిని పట్టుకోవాలి. వడ్డించే పెద్దాయన చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయాడు.

"ఇటొచ్చావేంటి తల్లీ?"

"ఆ నిండు కంచం ఎవరిది బాబాయ్?"

"నీ తొక్కలాయనదే. ఇవాళ గుడ్డు కూడా ముట్టలేదు. అదిగో, చేతులు కడుక్కుంటున్నాడు."

గుమ్మం పక్కన కుళాయి దగ్గర ఒకతను వంగి ఉన్నాడు. వెనకనుంచి అచ్చం తమ్ముడిలాగే ఉన్నాడు. చూడాలని మొహం వాచిపోయినవాళ్ళకు ఎవరి వీపైనా అలాగే ఉంటుంది. ఆమె రెండడుగులు వేసింది. అతను ఇటు తిరిగాడు. ఎవరో. మోకాళ్ళదాకా సిమెంటు మరకలు, ఒక బుగ్గ ఇంతలావు వాచి ఉంది. గడ్డం కిందనుంచి తలమీదికి తువ్వాలు కట్టుకున్నాడు.

"ఈయన కాదు బాబాయ్. తొక్కలు తీసేవాడు," అంది ఆమె.

"ఈయనే తల్లీ. నువ్వు చెప్పినప్పట్నుంచీ ఈయనకే పెడుతున్నా. ఇంకెవరు తీస్తున్నారు ఇక్కడ తొక్కలు?"

అతనికి ఏదో అర్థమైనట్టుంది. వాచిన బుగ్గ మీద చేయి పెట్టుకుని దగ్గరికొచ్చాడు.

"గుడ్డు మీరు పెట్టిస్తున్నారా అక్కా? హోటల్‌వాళ్ళే పెడుతున్నారనుకున్నా. ఇవాళ పన్ను సలుపు. నమలలేక వదిలేశా, ఏమీ అనుకోకండి."

ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది.

"తొక్కలు తీయడం నీకెవరు నేర్పారు?"

"నేర్పేదేముంది. టైల్స్ పని నాది. నా గదిలో మునుపు రంగులేసిన అతనొకడు ఉండేవాడు, వాడికి అలవాటు. వాడు చుట్టి చుట్టి పెడుతుంటే నేను నవ్వేవాణ్ణి. మా అక్క తొక్క తీసి వండుతుంది, బయట ఎవరు తీస్తారు, మనమే తీసుకోవాలి అనేవాడు." అతను వదులైన తువ్వాలు బిగించుకున్నాడు. "వాడు చచ్చిపోయాక ఓ రోజు తింటూ తింటూ చూసుకుంటే నా చెయ్యీ అదే పని చేస్తోంది. అప్పట్నుంచి మానదు."

బల్లల దగ్గర తినేవాళ్ళు తింటూనే ఉన్నారు. ఎవరో అన్నం అని కేకేస్తే పెద్దాయన కదల్లేదు. ఆమె పక్కనున్న బల్ల అంచు పట్టుకుంది.

"ఎప్పుడు?"

"వానలు మొదలైన వారంలో. నిద్రలోనే పోయాడక్కా. పొద్దున టీకి పోదామని లేపితే లేవలేదు. ఊపిరాడక పోయాడన్నారు, మూర్ఛ వచ్చి ఉంటుందన్నారు. పక్కనే పడుకున్నా నేను. నాకేం తెలియలేదు."

"రాత్రి తిన్నాడా?"

అతను ఆమె మొహం వైపు చూశాడు. ఇలాంటి ప్రశ్న ఎవరడుగుతారో అతనికి అప్పుడు తెలిసింది.

"మధ్యాహ్నం తిన్నాడు. రాత్రి వద్దన్నాడు. పొద్దున తింటాలే అన్నాడు," అని మెల్లిగా చెప్పాడు. "కబురు చేద్దామని అందరం చూశామక్కా. మా అక్క ఎక్కడో చాలా దూరం అనేవాడు. ఏ ఊరో ఏనాడూ చెప్పలేదు. ఇంక మేమే నలుగురం కలిసి..."

"ఏమ్మా, నీకెన్నిసార్లు చెప్పాలి? ఆ తడి కాళ్ళతో ఇక్కడేం పని?" అన్నాడు గల్లా దగ్గరినుంచి హోటలాయన. పెద్దాయన వెళ్ళి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. హోటలాయన గబుక్కున కూర్చుండిపోయి, బల్లమీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

ఆమె వెనక్కి తిరిగి పాకలోకి వచ్చింది. ఇంకెక్కడికి వెళుతుంది? తొట్టి నిండి కంచాలు గచ్చు మీదికి జారి ఉన్నాయి. కూర్చుని ఒకటి తీసింది, తోమింది, వదిలింది. ఇంకోటి తీసింది. చేతులు వాటంతట అవే పని చేసుకుపోతున్నాయి. రాకుండా పోయిన కంచాలు వాడివి. మళ్ళీ వచ్చిన కంచాలు వాడివి కావు. తను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చిన కంచం ఈ టైల్స్ అతనిది. మెతుకు మిగల్చకుండా తింటున్నాడని తను మురిసిపోయిన రోజులన్నీ తమ్ముడు లేని రోజులు. వాడు పోయాకే తను కడుపునిండా తిన్నది, కంటినిండా నిద్రపోయింది. పేటలో ఎవరేం వండారో, ఎవరేం వదిలేశారో అన్నీ తెలుసన్న మనిషికి సొంత తమ్ముడు తినడం మానేసిన సంగతి తెలియలేదు. వాడి చివరి కంచం కూడా తన చేతుల మీదుగానే పోయి ఉంటుంది. మధ్యాహ్నం తిన్నాడన్నాడుగా. అది ఎలాంటి కంచం? అన్నం వదిలాడా, కూర వదిలాడా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. రోజూలాగే ఒక తిప్పు తిప్పి నీళ్ళలో వదిలేసి ఉంటుంది.

పిన్ని చేతిలో పని ఆపి చూసింది.

"ఏమైందే?"

"తమ్ముడు పోయాడు పిన్నీ."

"అయ్యో తల్లీ. ఎప్పుడే?"

"వానల్లో."

వానల్లో పోయినవాడికి ఇవాళ ఏడవడం ఎలాగో పిన్నికి మాత్రం ఏం తెలుసు. తన తొట్టి దగ్గర్నుంచి లేచొచ్చి, కంచాలక్క పక్కన కూర్చుని, ఆ తొట్టిలో కంచాలు కూడా తానే తోమడం మొదలుపెట్టింది. కంచాలక్కకు ఏడుపు రాలేదు. రాకపోవడం చూసి ఆమెకే భయం వేసింది. ఎదురుగా ఆ నిండు కంచం అలాగే ఉంది. చల్లారిన అన్నాన్నీ గుడ్డునూ డబ్బాలోకి తోయడానికి చేయి రాక దాన్ని పక్కకు జరిపి పెట్టింది. సాయంత్రం గంపలు లెక్క చూసుకునేటప్పుడు పిన్నే దాన్ని కడిగేసింది.

పని దిగే వేళకు టైల్స్ అతను పాక బయట నిలబడి ఉన్నాడు. ఆమె అడగలేదు, అతను రమ్మనలేదు. అతను ముందు, ఆమె వెనక నడిచారు. చేపల హోటల్ దాటి, టైర్ల కొట్టు పక్క సందులోకి తిరిగి, ఇసుక కుప్ప పక్కనుంచి వెళ్ళారు. రోజూ ఆమె ఇంటికి వెళ్ళే దారే. ఆమె ఇల్లు ఆ పై సందులో ఉంది. చాలా దూరం అన్నాడట.

గదిలో ఇద్దరు మనుషులు స్టవ్ దగ్గర ఉన్నారు. టైల్స్ అతను చెప్పగానే లేచి గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఒకతను కూర్చోమని బకెట్ బోర్లించి ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు. తమ్ముడు పడుకున్న మూల చూపించమంది. చూపించారు. అక్కడిప్పుడు ఎవరిదో ఇనుప పెట్టె, దానిమీద దువ్వెన, సబ్బుపెట్టె ఉన్నాయి.

"వాడి సామాన్లేవీ మిగల్లేదక్కా," అన్నాడు టైల్స్ అతను. మొహం దించుకున్నాడు. "పక్కబట్టలు పారేశాం. చొక్కాలు... మేమే వేసుకున్నాం. ఎవరూ రారనుకున్నాం."

"వేసుకోండి. పాతబడి ఉంటాయి, జేబుల దగ్గర కుట్టు చూసుకోండి," అంది. అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. అక్కడే గచ్చు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, ఒరేయ్, ఒరేయ్ అని ఏడ్చింది. పొద్దున తింటానన్నావు కదరా అంది. స్టవ్ మీద నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయాయి. ఒకతను వంగి మంట ఆర్పేశాడు.

చాలాసేపటికి ఆమె తేరుకుని లేచింది. లేస్తూ దేన్నో పట్టుకోబోతే చేతికి తడి చొక్కా తగిలింది. గది అటుగోడ మేకునుంచి ఇటు కిటికీ ఊచదాకా ఒక లావుపాటి తాడు బిగించి ఉంది. దానిమీద ప్యాంట్లు, తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి.

"ఇదొక్కటీ వాడు కట్టిందేనక్కా," అన్నాడు టైల్స్ అతను. "వాడి సామానుతోపాటు దీన్నీ తీసేద్దామని చూశాం. ఆ ముడి ఎలా వేశాడో ఏమో, ముగ్గురం కూర్చున్నా విప్పలేకపోయాం. కోసేద్దామంటే మనసొప్పలేదు. గట్టిగానే ఉంది కదాని వాడుకుంటున్నాం."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి ముడి మీద చేయి వేసింది. పోగు కింద వేలు దూర్చి లాగి చూసింది. పొద్దుటినుంచీ నీళ్ళలో నాని మెత్తబడ్డ వేళ్ళు, గోళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. పట్టు దొరకలేదు. తాడు కోసి తీసుకెళ్ళమని వాళ్ళు ఒక చాకు తెచ్చి ఇవ్వబోయారు. వద్దంది. చెప్పులు వేసుకుని, సందులోకి దిగి, తన ఇంటివైపు నడిచి వెళ్ళిపోయింది.

కిటికీ ఊచకు వేసిన ఆ ముడి, ముగ్గురి తడిబట్టల బరువూ మోస్తూ, కాస్తయినా జారకుండా అలాగే ఉంది.